బర్క్‌లీ వెళ్తే ఆ వాలుదారులు చూసి రండి!

అమ్మాయి పురిటికో, మనవడి పుట్టినరోజుకో కాలిఫోర్నియా ప్రయాణం కడుతున్నారా? ఆవకాయ, కందిపొడి, సున్నుండలు అన్నీ సర్దేశారా? అయితే ఆ హడావిడిలోనే, అక్కడ చూడవలసిన చోట్ల జాబితాలో ఒక ఊరి పేరు కూడా రాసుకోండి. గోల్డెన్ గేట్ వంతెన ఎలాగూ చూపిస్తారు. లివర్‌మోర్ గుడికి ఎలాగూ తీసుకెళ్తారు. ఈ ఊరికి మాత్రం మీరే అడిగి వెళ్ళాలి. దాని పేరు బర్క్‌లీ.

"అక్కడ పెద్ద యూనివర్సిటీ ఉంది కదా, ఫలానా వాళ్ళబ్బాయి చదువుతున్నాడు" అంటారు మీరు. నిజమే. కానీ నేను చూసి రమ్మంటున్నది యూనివర్సిటీ భవనాలను కాదు. రోడ్డు మలుపుల దగ్గర పేవ్‌మెంటు అంచు మెట్టులా కాకుండా, చక్కగా వాలుగా కిందికి దిగి ఉంటుంది చూడండి, దాన్ని. ఇంత దూరం వచ్చి పేవ్‌మెంటు అంచు చూడటమేమిటని నవ్వకండి! మెడ కింద ఒళ్ళు దాదాపు కదలని ఒక కుర్రాడు తరగతి గదిలో కూర్చుని చదువుకోవాలని పట్టుబట్టడంతో మొదలైన కథ అది. ఆ పట్టు వెనక ఒక తల్లి ఉంది. అందుకే మనం తెలుసుకోవాలి.

ఎలా వెళ్ళాలి?

మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, మిల్‌పీటస్ ఊళ్ళనుంచి బార్ట్ రైలు ఉంది. రిచ్‌మండ్ వెళ్ళే రైలెక్కితే మారకుండా నేరుగా బర్క్‌లీలో దిగొచ్చు. 65 ఏళ్ళు దాటినవారికి క్లిప్పర్ కార్డు మీద టికెట్టులో మంచి రాయితీ ఉంది. అల్లుడుగారిని అడిగి ముందే తీసుకోండి. వేసవి కదా అని పల్చటి చీరతో బయల్దేరకండి. సముద్రపు మంచు ఊరిమీదికి వచ్చిందంటే జూలైలో కూడా చలేస్తుంది. ఒక శాలువా వెంట ఉంచుకోండి. పులిహోర పట్టుకెళ్ళొచ్చుగానీ రైల్లో తినకూడదు. యూనివర్సిటీ పచ్చికమీద కూర్చుని హాయిగా తినొచ్చు.

రైలెక్కేటప్పుడే ఒక సంగతి గమనించండి. ప్లాట్‌ఫారం చేరడానికి లిఫ్టు ఉంటుంది. ఈ రైళ్ళు 1972లో మొదలయ్యాయి. స్టేషన్లు కట్టే రోజుల్లోనే చక్రాల కుర్చీలో తిరిగే హెరాల్డ్ విల్సన్ అనే ఆయన వెంటపడి, వికలాంగులు కూడా ఎక్కేలా కట్టండని అధికారులను ఒప్పించారు. ఇవాళ ఆ లిఫ్టులో ఎవరెవరు ఎక్కుతున్నారో చూడండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు, స్ట్రోలర్‌లో పసిబిడ్డతో తల్లులు, పెద్ద పెట్టెలతో ప్రయాణికులు... అందరూ ఎక్కుతున్నారు! ఒకరి కోసం అడిగింది అందరికీ పనికొచ్చింది.

ఎడ్ రాబర్ట్స్ కథ

డౌన్‌టౌన్ బర్క్‌లీ స్టేషన్లో దిగి తూర్పువైపు నడిస్తే యూనివర్సిటీ మొదలవుతుంది. నేల ఎత్తుగా పోతూ ఉంటుంది కనుక నెమ్మదిగా, ఆగి ఆగి నడవండి. తూర్పు కొసన, కొండ అంచున హాస్ బిజినెస్ స్కూలు కనిపిస్తుంది. వెనకటికి అక్కడ కోవెల్ ఆస్పత్రి ఉండేది. విద్యార్థుల ఆస్పత్రి అన్నమాట. 1990లలో దాన్ని పడగొట్టి ఈ భవనాలు కట్టారు. మన కథానాయకుడు యూనివర్సిటీలో చేరినప్పుడు కాపురం పెట్టింది ఆ ఆస్పత్రిలోనే!

అతని పేరు ఎడ్ రాబర్ట్స్. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బర్లింగేమ్ అనే ఊరు. నలుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. ఆటలంటే ప్రాణం. 1953లో, పద్నాలుగేళ్ళ వయసులో పోలియో వచ్చింది. టీకా పనిచేస్తుందని లోకానికి తెలిసింది 1955లో. అంటే రెండేళ్ళ తేడా! మెడ కింద, ఎడమచేతి రెండు వేళ్ళు, కాలి వేళ్ళు కొన్ని తప్ప ఏమీ కదిలేవి కావు. ఊపిరి కూడా తనంతట తాను తీసుకోలేడు. ఐరన్ లంగ్ అని, మనిషిని మెడదాకా పడుకోబెట్టి ఊపిరాడించే పెద్ద ఇనప పీపాలాంటి యంత్రం, అందులోనే ఉండేవాడు. పగలు కొద్ది గంటలు బయట ఉండటానికి గాలిని గుటకలు గుటకలుగా మింగడం నేర్చుకున్నాడు.

బతికినా ఏ పనికీ రాడు, కూరగాయలా పడి ఉంటాడని ఒక డాక్టరు తల్లితో అన్నాడట. ఈ మాట ఎడ్ పెద్దయ్యాక చెప్పుకుని నవ్వేవాడు. కూరగాయనే అయితే ఆర్టిచోక్‌ని అవుతాననేవాడు. అది అక్కడ దొరికే ముళ్ళ కూర. పైన గుచ్చుకుంటుంది, లోపల మెత్తగా ఉంటుంది!

తల్లి జోనా పట్టుదల

ఎడ్ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక చదువు ఫోనులో సాగింది. బడికీ ఇంటికీ ఫోను తీగ కలిపి, టీచరు చెప్పే పాఠం మంచంమీద నుంచే వినేవాడు. మార్కులు బాగానే వచ్చేవి. ఇంకేం కావాలి? చాలామంది తల్లులు "చదువు సాగుతోందిగా, అంతే చాలు" అనుకుంటారు. బయటికి తీసుకెళ్తే నలుగురూ గుడ్లప్పగించి చూస్తారన్న బాధ ఏ తల్లికి ఉండదు చెప్పండి?

ఆ తల్లి పేరు జోనా రాబర్ట్స్. ఆవిడ మాత్రం అలా అనుకోలేదు. వారానికి ఒక్కసారైనా బడికి వెళ్ళి తోటిపిల్లల మధ్య కూర్చోవలసిందే అంది. ఎడ్‌కి ప్రాణం పోయినంత పనైంది. అందరూ తననే చూస్తారని అతని భయం. వెళ్ళాడు. నిజంగానే అందరూ చూశారు. కానీ చూపులు తగిలితే ఒళ్ళేమీ కాలిపోదని ఆ రోజే తెలిసిందట. సినిమా తారను కూడా అందరూ చూస్తారు కదా, నేనూ తారనే అనుకుంటే పోలా అనుకున్నాడట!

తరువాతి చిక్కు ఇంకా విడ్డూరమైనది. హైస్కూలు పూర్తయింది, అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడు. డిప్లొమా మాత్రం ఇవ్వమన్నారు. ఎందుకు? డ్రైవింగ్ క్లాసు, వ్యాయామం క్లాసు పూర్తిచేయలేదట! మెడ కింద కదలని పిల్లాడు కారు నడపలేదని డిప్లొమా ఆపేశారు. జోనా ఊరుకోలేదు. ప్రిన్సిపాలు కాదంటే పైవాళ్ళ దగ్గరికి, పైవాళ్ళు నసిగితే స్కూలు బోర్డు దాకా వెళ్ళింది. డిప్లొమా చేతికొచ్చేదాకా వదల్లేదు.

అమ్మ ఎలా పోట్లాడాలో చూసి నేర్చుకున్న కొడుకు 1962లో బర్క్‌లీకి దరఖాస్తు పెట్టాడు. ఐరన్ లంగ్ బరువు మూడువందల అరవై కిలోల పైమాట. హాస్టలు గదిలో పట్టదు, నేల మోయదు. ఇలాంటివాళ్ళతో మా వల్ల కాదన్నారు కొందరు. ఉద్యోగం ఎలాగూ చేయలేడు, అలాంటివాడి చదువుకి డబ్బెందుకని రాష్ట్ర పునరావాస శాఖ కూడా పెదవి విరిచింది. సంగతి పత్రికలకెక్కాక దిగొచ్చింది. యూనివర్సిటీ ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ హెన్రీ బ్రూయిన్ గారు కోవెల్ ఆస్పత్రిలో గది ఇస్తామన్నారు. తమ్ముడు రాన్ కూడా అక్కడే చదువుతూ మొదట్లో అన్నకి సాయంగా ఉన్నాడు.

మరుసటి సంవత్సరం జాన్ హెస్లర్ అనే ఇంకో విద్యార్థి వచ్చి చేరాడు. కొన్నేళ్ళలో ఆ ఆస్పత్రి అంతస్తులో పదిమంది దాటారు. తమకి తాము "రోలింగ్ క్వాడ్స్" అని తమాషాగా పేరు పెట్టుకున్నారు. చక్రాలమీద దొర్లే దళం అనుకోండి! కొసమెరుపు వినండి. ఉద్యోగానికి పనికిరాడని పెదవి విరిచిన ఆ పునరావాస శాఖకే 1975లో ఎడ్ డైరెక్టరయ్యాడు!

టెలిగ్రాఫ్ అవెన్యూ మీద

ఇప్పుడు సేథర్ గేట్ దాటి దక్షిణంగా బయటికొస్తే టెలిగ్రాఫ్ అవెన్యూ. పుస్తకాల కొట్లు, కాఫీ హోటళ్ళు, పూసల దండలు అమ్మేవాళ్ళు... సందడి సందడిగా ఉంటుంది. పూసలు తరువాత బేరమాడుకోవచ్చు, ముందు కింద చూడండి. ప్రతి మలుపులో ఆ వాలు కనిపిస్తుంది.

తరగతి గదికీ ఈ వాలుకీ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది. యూనివర్సిటీవాళ్ళు చదువుకోనిచ్చారు. కానీ గది నుంచి క్లాసుకి వెళ్ళాలంటే దారిలో ఆరంగుళాల మెట్టు చాలు, చక్రాల కుర్చీ ఆగిపోవడానికి. క్లాసు మేడమీద ఉంటే ఆ సబ్జెక్టు చదువు లేనట్టే. బాత్రూమ్ తలుపు ఇరుకైతే పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా ఉండాల్సిందే. బడిలో చేర్చుకుంటే సరిపోదు, బడిలో మసలగలగాలి. ఆ విద్యార్థులు పట్టుకున్న అసలు కిటుకు ఇదే.

1970లో యూనివర్సిటీలో వాళ్ళే ముందుండి ఒక సేవా విభాగం ప్రారంభించారు. పెద్ద పెద్ద మాటలేం లేవు అందులో. కుర్చీ పాడైతే బాగుచేసే వర్క్‌షాపు. పొద్దున్నే లేపి తయారుచేసే సహాయకుల పేర్ల పట్టీ. చూపులేనివాళ్ళకి పుస్తకం చదివిపెట్టేవాళ్ళు. అద్దె ఇల్లు వెతికిపెట్టేవాళ్ళు. అచ్చం మనం ఇంట్లో రోజంతా చూసుకునే పనులే! చదువు నడవాలంటే అవన్నీ నడవాలి. భర్త పోయాక బర్క్‌లీకి మకాం మార్చిన జోనా కూడా ఆ విభాగంలో పనిచేసింది. 1972లో ఊళ్ళోవాళ్ళందరి కోసం ఇలాంటిదే ఇంకో కేంద్రం పుట్టింది. పేవ్‌మెంటు అంచులు వాలుగా కోయించే పని ఊళ్ళో జోరందుకున్నదీ ఆ రోజుల్లోనే.

అక్కడికి 1973లో న్యూయార్క్ నుంచి జూడీ హ్యూమన్ వచ్చింది. ఆమెకి పసితనంలోనే పోలియో. చక్రాల కుర్చీ ఉంటే నిప్పంటుకున్నప్పుడు ప్రమాదమని చిన్నప్పుడు బడిలో చేర్చుకోలేదు. వారానికి రెండున్నర గంటలు టీచరు ఇంటికొచ్చి చెబితే అదే చదువు. ఆమె తల్లి కూడా జోనాలాంటిదే, బడి తలుపు తెరుచుకునేదాకా కొడుతూనే ఉంది. పెద్దయ్యాక టీచరు ఉద్యోగం ఇవ్వకపోతే జూడీ కోర్టుకెళ్ళి గెలిచింది.

1977 ఏప్రిల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలో వందమందికి పైగా వికలాంగులు బైఠాయించారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏ బడీ, ఏ సంస్థా వైకల్యం పేరుతో ఎవరినీ కాదనకూడదని 1973లోనే చట్టం చేసి, అమలు నిబంధనలు మాత్రం నాన్చుతున్నారు. దాదాపు నాలుగు వారాలు కదల్లేదు వాళ్ళు! అన్ని రోజులు తిండి ఎలా అని మనకే ముందు అనుమానం వస్తుంది కదూ? బ్లాక్ పాంథర్ పార్టీవాళ్ళు వేడి వేడి భోజనం వండి రోజూ తెచ్చిపెట్టారు. ఏప్రిల్ 28న నిబంధనలమీద సంతకం పడింది. చరిత్రలో వంట చేసినవాళ్ళ పేర్లు ఎవరూ రాయరు గానీ, ఆ అన్నం లేకపోతే అన్ని రోజుల సత్యాగ్రహం నిలిచేదా?

ఎర్రటి ర్యాంపు

తిరుగు ప్రయాణంలో ఒక్క స్టేషను వెళ్ళి ఆష్‌బీలో దిగండి. స్టేషనుకి ఆనుకునే ఎడ్ రాబర్ట్స్ క్యాంపస్ ఉంది. ఎడ్ 1995లో కన్నుమూశాడు. అతని పేరుమీద ఈ భవనం 2010లో తెరిచారు. లోపల నట్టనడుమ ఎర్రటి ర్యాంపు సుళ్ళు తిరుగుతూ పై అంతస్తుకి పోతుంది. గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టు నెమ్మదిగా ఎక్కిపోవచ్చు. మామూలుగా ర్యాంపు అంటే ఎక్కడో వెనకవైపు, చెత్తబుట్టల పక్కన ఉంటుంది. ఇక్కడ అదే ఇంటికి అలంకారం. చక్రాల కుర్చీవాళ్ళూ, నడిచేవాళ్ళూ ఒకే దారిన పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతారు. కాసేపు అక్కడ నిలబడి చూడండి.

అక్కడి మన పిల్లల కోసం

అమెరికాలో మీ మనవడికో, మనవరాలికో వైకల్యం ఉంటే ఈ కబురు అమ్మాయి చెవిన వేయండి. 1975లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ బడి అలాంటి పిల్లలకి ఉచితంగా, తగినట్టుగా చదువు చెప్పితీరాలి. ఐఈపీ అని ప్రతి బిడ్డకీ విడిగా ఒక ప్రణాళిక రాస్తారు. దాన్ని రాసే సమావేశంలో టీచర్లతోపాటు తల్లిదండ్రులూ సభ్యులే. ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే దుబాసీని బడివాళ్ళే ఏర్పాటుచేయాలి. అర్థం కాకుండా మొహమాటానికి సంతకం పెట్టనక్కర్లేదు. కాగితం ఇంటికి తెచ్చుకుని చదివి, మార్పులు అడగొచ్చు.

మరి మన ఊళ్ళో?

సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల ఆ జబ్బు మన దేశంలో 2011 తరువాత రాలేదు. మన బడిరోజుల్లో క్లాసుకొకరు కాలిపర్స్ వేసుకుని వచ్చేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడా రోజులు పోయాయి. కానీ సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, ప్రమాదాల్లో దెబ్బతిన్న పిల్లలు మన వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ కోసం చట్టం మనకీ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం ఉందని ప్రభుత్వ బడిగానీ, ప్రభుత్వ గుర్తింపున్న బడిగానీ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ళ దాకా చదువు ఉచితం. ప్రభుత్వ కాలేజీల్లో, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు వీళ్ళవే. రాయడం కష్టమైన పిల్లలకి పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయాన్ని అడగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండలాల్లో "భవిత" కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక టీచర్లు, ఫిజియోథెరపీ సాయం దొరుకుతాయి. మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడిగితే చిరునామా చెబుతారు.

బడికి వెళ్ళినప్పుడు ఏమడగాలో తెలియక చాలామంది తల్లులు "కాస్త దయ చూపించండి మాస్టారూ" అని వచ్చేస్తారు. దయ చూపించమంటే ఆ మాస్టారు మాత్రం ఏం చేస్తారు? పాపం అని తల నిమురుతారు. కావలసింది కావలసినట్టు అడగాలి. ఇదిగో, ఈ చిట్టా కాగితంమీద రాసుకుని పట్టుకెళ్ళండి:

• మా పిల్ల క్లాసు కింది అంతస్తులో పెట్టండి. ఒక్క పిల్ల కోసమని ఆలోచించొద్దు, క్లాసు మొత్తాన్నీ కిందికి దింపొచ్చు.

• గుమ్మం దగ్గర ర్యాంపు వేయించండి. ఒక అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. అంతకన్నా నిటారుగా కడితే అది ర్యాంపు కాదు, జారుడుబండ!

• బాత్రూమ్ తలుపు మూడడుగుల వెడల్పుండాలి. లోపల పట్టుకోవడానికి గోడకి కడ్డీ, చేతికందేలా కొళాయి ఉండాలి. ఆడపిల్ల అయితే ఇది అన్నిటికన్నా ముందు అడగండి. దీనికోసమే నీళ్ళు మానేసి, చివరికి బడే మానేసిన ఆడపిల్లలున్నారు.

• బల్ల ఎత్తు కుర్చీకి సరిపోవాలి. నేస్తాల పక్కనే చోటివ్వాలి, మూల కాదు.

• చెయ్యి వంగక రాయలేకపోతే పక్కపిల్ల నోట్సులో కార్బన్ కాగితం పెడితే రెండో కాపీ తయారు. లేదా సాయంత్రం ఫోనులో ఫొటో తీసి పంపితే సరి.

• ఆటల పీరియడ్‌లో క్లాసులో ఒంటరిగా వదిలేయకండి. స్కోరు రాయడమో, అంపైరుగా ఉండటమో, బంతి విసరడమో, ఏదో ఒకటి ఆమె వంతుకి రావాలి.

• విహారయాత్రకి "మీరు పంపకండి, ఇబ్బంది" అనే ముందు బస్సు ఎలా ఎక్కించాలో కలిసి ఆలోచిద్దాం.

చూశారా, ఇందులో లక్షలు ఖర్చయ్యేది ఏముంది? ఓ మేస్త్రీ, నాలుగు బస్తాల సిమెంటు, కాస్త ఇంగితం!

ఇక మన పిల్లలకి ఏ లోపమూ లేదు, మనకెందుకు అనుకోకండి. పేరెంట్స్ మీటింగులో ఆ తల్లి ఒక్కతే లేచి అడిగితే "మీ ఒక్కరి కోసమా?" అంటారు. పక్కన మీరిద్దరు ముగ్గురు లేచి "అవునండీ, మాక్కూడా ఆ ర్యాంపు కావాలి" అనండి, మాట బరువు మారిపోతుంది. మీ పాప పుట్టినరోజుకి ఆ పిల్లని కూడా పిలవండి. మీ ఇంటి గుమ్మానికి మెట్లుంటే ఎలా ఎక్కించాలో వాళ్ళమ్మనే అడగండి, ఆవిడకి తెలుసు. పిల్లలు ఆ కుర్చీని రెండు నిమిషాలు చూస్తారు, ఆ తరువాత కేకు వైపు చూస్తారు.

బర్క్‌లీలో మనవడి స్ట్రోలర్ తోసుకుంటూ రోడ్డు దాటేటప్పుడు చక్రం ఎక్కడా తట్టుకోకుండా నున్నగా దిగిపోతుంది. ఊరు తిరిగొచ్చాక మీ వీధి బడి ముందు ఒకసారి ఆగి, గేటు నుంచి క్లాసు గది దాకా ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. లెక్క తేలాక హెడ్‌మాస్టరు గారి గది ఎటువైపో మీకు తెలుసు కదా!